మనలో మనకైతే చెప్పనక్కర్లేదా?

మా చెల్లెలి కూతుర్ని మా అబ్బాయికి చేసుకుంటే, వాళ్ళకి పుట్టే ఒక్కో బిడ్డకీ నా కంటి జబ్బు వచ్చే అవకాశం 12లో 1. అదే అమ్మాయిని బయటి సంబంధానికి ఇస్తే 2,400లో 1, ఇంకా తక్కువైనా ఆశ్చర్యం లేదు. రెండింటికీ తేడా 200 రెట్లు. ఇంత తేడా ఉన్నా మా ఇంట్లో పెద్దవాళ్ళు మొదటిదే క్షేమం అంటున్నారు. ఎందుకో మా అమ్మ మాటల్లోనే వినండి: "మనలో మనకైతే ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు కదరా."

ఇదంతా రాయడానికి కారణం ఆ ఒక్క మాటే. వంశపారంపర్యంగా వచ్చే కంటి జబ్బుల గురించి తెలుగులో ఇప్పుడు వీడియోలు బోలెడున్నాయి. మేనరికాలు మానండి అని పోస్టర్లు నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, చూడగలిగినన్నాళ్ళూ. కానీ జబ్బు సంగతి దాచే ఇల్లు ఆ దాపరికం కోసమే తిరిగి మేనరికం వైపు పోతుందని ఎవరైనా చెప్పగా నేను వినలేదు. మా ఇంట్లో మాత్రం కళ్ళారా చూశాను. ఈ మాట మా ఇంట్లో ఎవరికీ నచ్చదు కానీ జరిగింది అదే.

నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా. ఆసుపత్రుల్లో అందరూ ఆర్‌పీ అంటారు, నాకూ అదే అలవాటు. కంటి వెనక పొర, రెటీనా, అందులో వెలుతురుని పట్టే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసేవి రాడ్స్, ఒక్కో కంట్లో సుమారు 12 కోట్లు. పట్టపగలు, రంగులకీ అక్షరాలకీ పనికొచ్చేవి కోన్స్, సుమారు 60 లక్షలు. ఆర్‌పీలో ముందు రాడ్స్ చచ్చిపోతాయి కాబట్టి మొదట వచ్చేది రేచీకటి. తర్వాత పక్కచూపు అంచుల్లోంచి లోపలికి కరిగిపోతూ వస్తుంది, చివరికి మధ్యలో ఒక చిన్న వలయం మిగులుతుంది, ఆ తర్వాత కోన్స్ కూడా నిలబడలేక పోతాయి. ఇదంతా జరగడానికి దశాబ్దాలు పడుతుంది. నాకు పదో తరగతిలో మొదలైంది, ఇప్పుడు యాభై దాటాయి, ఫోన్ చదివి వినిపిస్తుంటే వింటూ ఇది రాస్తున్నాను. ప్రపంచం మొత్తం మీద దాదాపు 4,000 మందికి ఒకరికి ఉంటుందని లెక్క. మన దక్షిణాదిలో చేసిన సర్వేల్లో అంతకన్నా ఎక్కువే తేలింది.

మధ్యలో ఆ వలయం మిగిలి ఉన్నన్నాళ్ళూ ఈ జబ్బుని ఎవరూ నమ్మరు. పేపర్ చదువుతాను, గోడ మీద క్యాలెండర్లో తిథి చదువుతాను, కాళ్ళ ముందున్న స్టూలుని తన్నుకుని పడతాను. "చీమంత అక్షరాలు కనపడతాయి గానీ కుర్చీ కనపడదట" అని మా మేనత్త దెప్పిపొడిచేది. రేచీకటి అనగానే విటమిన్ ఎ లోపం అనుకోవడం మనకి అలవాటు, అదీ నిజమే, విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది, ఇస్తే పోతుంది. నాకు బొప్పాయిలు, మునగాకు, మేక కార్జం, గుళికలు, అన్నీ అయ్యాయి. జీన్, అంటే జన్యువు, చెడిపోయి కణాలు చస్తుంటే మునగాకు ఏం చేస్తుంది? పైగా స్టార్‌గార్ట్ అని ఇంకో వంశపారంపర్య జబ్బుంది, మధ్యచూపు పోతుంది, ఎక్కువగా ఏబీసీఏ4 అనే జీన్ వల్ల వస్తుంది, ఆ పిల్లలకి విటమిన్ ఎ మాత్రలు మేలు చేయకపోగా కీడు చేసే ప్రమాదం ఉంది, డాక్టర్లు వద్దనే చెబుతారు. అంటే కంటికి మంచిదని ఇంట్లోవాళ్ళు తెచ్చిపెట్టే మాత్ర కూడా ఏ జబ్బో తెలియకుండా వేయకూడదు.

ఇక దాపరికం దగ్గరికొద్దాం. మా చెల్లి పెళ్ళిచూపులు. సాయంత్రం ఆరింటికి వస్తామన్నారు, ఐదున్నరకే నన్ను తీసుకొచ్చి గోడవారన కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళు వెళ్ళేదాకా లేవొద్దన్నారు. వాళ్ళొచ్చారు, పలకరింపులయ్యాయి. హాల్లో ఉన్నది ఒక్కటే ట్యూబ్‌లైటు, అదీ అవతలి గోడకి. పిన్ని కాఫీల ట్రే పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా వంగుతూ నా దగ్గరికొచ్చింది. నా చూపులో పిన్ని మొహం ఉంది, నవ్వుతోంది. ట్రే లేదు. నా ఛాతీకి జానెడు దూరంలో ఉన్న ట్రే నా చూపు వలయానికి కింద ఉండిపోయింది. ఆవిడ నవ్వుతోంది కదా అని నేనూ నవ్వాను. ఆవిడ ట్రే ఇంకాస్త ముందుకు జరిపింది. నేను నవ్వుతూనే ఉన్నాను. గదంతా చూస్తోంది. చివరికి నాన్న గొంతు సవరించుకుని "వాడు కాఫీ మానేశాడులే" అన్నాడు, దాంతో పెళ్ళికొడుకు తండ్రి కాఫీ మానేయడం ఎంత మంచిదో పది నిమిషాలు చెప్పాడు. ఆ ఒక్క అబద్ధం పుణ్యమా అని చెల్లెలి అత్తగారింట్లో కొన్నేళ్ళపాటు నాకు బూస్ట్ ఇచ్చారు. కాఫీ అంటే నాకు ప్రాణం.

సంబంధం కుదిరింది, పెళ్ళయింది. మేనకోడలు పుట్టాక ఒక రాత్రి వాళ్ళింటి మెట్ల మీద నేను పడ్డప్పుడు సంగతి బయటపడింది. బావగారు ఏమీ అనలేదు. ఆయన తల్లి మాత్రం చెల్లిని నిలదీసింది, "రోగం ఎవరికైనా వస్తుంది, మాకు చెప్పకపోవడమేంటమ్మా" అని. చెప్పి ఉంటే పెళ్ళి జరిగేది కాదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అయి ఉండొచ్చు. కానీ చెప్పకపోవడానికి మూల్యం చెల్లించింది మా అమ్మ కాదు, చెల్లి. పాపకి లైటు తీయగానే ఏడుపొస్తే చాలు, ఇల్లంతా చెల్లి వైపు చూసేది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన లెక్క విప్పుతాను, ఓపిక పట్టండి, పదో తరగతి గుణకారమే. ప్రతి జీన్‌కీ మనలో రెండు కాపీలుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. నాకున్న రకం ఆర్‌పీ రావాలంటే రెండూ చెడిపోవాలి. ఒక్కటే చెడితే క్యారియర్ అంటారు, చూపు నిక్షేపంగా ఉంటుంది, జీవితమంతా తెలియకుండానే గడిచిపోతుంది. మా అమ్మ మా నాన్నకి సొంత మేనమామ కూతురు. అంటే మా నానమ్మా, అమ్మ వాళ్ళ నాన్నా తోడబుట్టినవాళ్ళు. వాళ్ళ తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరి దగ్గర ఉన్న ఒక్క చెడ్డ కాపీ రెండు దారుల్లో దిగి నా దగ్గర కలుసుకుంది. పీడీఈ6బి అని ఒక జీన్, రాడ్స్ వెలుతురుకి స్పందించడానికి కావలసిన ఎంజైమ్‌లో ఒక భాగం దానివల్ల తయారవుతుంది. జీన్‌ని అక్షరాల్లో రాసిన పాఠం అనుకుంటే, నాలో రెండు కాపీల్లోనూ ఒకే అక్షరదోషం.

చెల్లికి జబ్బు లేదు. జబ్బు లేని తోబుట్టువు క్యారియర్ అయ్యే అవకాశం 3లో 2 (4లో 2 అని చాలామంది వేస్తారు, రెండూ చెడ్డవి ఒక గడి, ఒక్కటే చెడ్డది రెండు గడులు, రెండూ మంచివి ఒక గడి అని; కానీ జబ్బు లేదని తేలిపోయింది కాబట్టి ఆ నాలుగు గడుల్లో మొదటిది కొట్టేయాలి). మేనకోడలికి అందులో సగం, 3లో 1. మా అబ్బాయి మాత్రం ఖాయంగా క్యారియరే, ఎందుకంటే నా దగ్గర ఉన్నవి రెండూ చెడ్డవే, ఏది ఇచ్చినా చెడ్డదే ఇస్తాను. ఇద్దరు క్యారియర్లకి పుట్టే ఒక్కో బిడ్డకీ జబ్బు అవకాశం 4లో 1. 3ని 4తో గుణించండి, 12. బయటి కుర్రాడైతే, ఇదే జీన్‌లో అతను క్యారియర్ అయ్యే అవకాశం 200లో 1 అనుకుందాం, ఎక్కువే వేస్తున్నాను, 3 ఇంటు 200 ఇంటు 4, 2,400. పాతకాలంలోలాగా మేనమామనైన నాకే ఆ పిల్లనిచ్చి కట్టబెట్టి ఉంటే 6లో 1. నవ్వకండి, మా వైపు అలాంటి పెళ్ళిళ్ళు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. 1955 హిందూ వివాహ చట్టం ఈ వరసల్ని నిషేధించింది, కానీ ఆచారం ఉన్నచోట చెల్లుతుందని అందులోనే మినహాయింపు పెట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట ఒక పెళ్ళి రక్తసంబంధంలోనే జరిగింది.

మేనరికం చేసుకునేవాళ్ళందరూ మూర్ఖులు అనే ధోరణి నాకు నచ్చదు. పొలం చీలిపోకుండా ఉంటుంది, పిల్ల తెలిసిన ఇంటికే వెళ్తుంది, అత్త కొడితే అడగడానికి అమ్మమ్మ పక్క వీధిలోనే ఉంటుంది. ఇవన్నీ అసలైన కారణాలు. జబ్బు లేని కుటుంబంలో ఒక మేనరికం జరిగితే చాలాసార్లు ఏమీ కాదు కూడా. కానీ జబ్బు ఒకసారి బయటపడిన కుటుంబం పరిస్థితి వేరు. అక్కడ చెడ్డ కాపీ ఉందని తెలిసిపోయింది, ఎవరెవరి దగ్గరుందో తెలీదు, ఆ చుట్టాల మధ్యే మళ్ళీ పెళ్ళి అంటే తెలిసి తెలిసి దాన్ని జంట కలపడమే. విచిత్రం ఏంటంటే సరిగ్గా ఆ కుటుంబానికే బయటి సంబంధం అంటే హడల్. బయటివాళ్ళు ఆరా తీస్తారు, "అబ్బాయి వాళ్ళ నాన్న చేతికర్ర ఎందుకు పట్టుకుంటాడు" అని అడుగుతారు, పెళ్ళిళ్ళ పేరయ్య ఊరంతా మోస్తాడు. ఇంట్లోవాళ్ళు అడగరు, వాళ్ళకి ముందే తెలుసు కాబట్టి, లేదా తెలియనట్టు ఉండటం వాళ్ళకీ అవసరం కాబట్టి. అలా పరువు కాపాడుకోవడానికి వేసే ప్రతి అడుగూ ప్రమాదం ఎక్కువున్న వైపే పడుతుంది. మా అమ్మ మంచిది, మనవరాలి మీద ప్రాణం పెట్టుకుంది, అయినా ఆవిడ తెచ్చిన సంబంధం 12లో 1 సంబంధం.

ఈ భయం వెనక ఉన్న ఆలోచన, మా రక్తంలో ఏదో దోషం ఉంది, మిగతావాళ్ళది శుద్ధమైనది అని. ఇది పచ్చి అబద్ధం, దీనికి నా దగ్గర ఒక అంకె ఉంది. 2020లో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, వేర్వేరు జాతుల జీన్ సమాచారం పోగేసి వేసిన అంచనా. వంశపారంపర్య రెటీనా జబ్బుల్లో ఇలా రెండు కాపీలూ చెడితే వచ్చే రకాలకి సంబంధించి, కనీసం ఒక చెడ్డ కాపీ మోస్తున్నవాళ్ళు ప్రపంచ జనాభాలో 36 శాతం, అంటే 270 కోట్ల మంది. ముగ్గురిలో ఒకరు! మన సంబంధం వద్దని వెళ్ళిపోయిన పెళ్ళివారిలోనూ ముగ్గురికి ఒకరు చొప్పున ఏదో ఒకటి మోస్తూనే ఉంటారు, వాళ్ళది వేరే జీన్ అయ్యుంటుంది అంతే. మా అమ్మని మా నాన్న వైపువాళ్ళు గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని కొన్నాళ్ళు, నాగదోషం అని కొన్నాళ్ళు ఆడిపోసుకున్నారు. సగం మా నాన్న ఇచ్చింది అని చెప్పడానికి మాకు ఎవరూ దొరకలేదు.

"మేనరికాలు మానండి" అనే నినాదంతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "మాది మేనరికం కాదు, మాకెలా వస్తుంది" అని ధీమాగా ఉండేవాళ్ళని చాలామందిని చూశాను. కొన్ని రకాల్లో ఒక్క చెడ్డ కాపీ చాలు, తండ్రికో తల్లికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ 2లో 1. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే ఆర్‌పీ రకాల్లో తల్లి క్యారియర్ అయితే కొడుకుల్లో ఒక్కొక్కరికీ 2లో 1, కూతుళ్ళు ఎక్కువగా బాగానే ఉండి క్యారియర్లవుతారు. లీబర్ ఆప్టిక్ న్యూరోపతీ అని కంటి నరం జబ్బు ఒకటుంది, జర్మన్ డాక్టరు థియోడర్ లీబర్ 1871లోనే వర్ణించాడు, అది కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ద్వారా తల్లి నుంచి మాత్రమే వస్తుంది, చూపు పోయేది మాత్రం ఎక్కువగా కుర్రాళ్ళకి, పద్దెనిమిదికీ ముప్పైకీ మధ్య, కొన్ని వారాల తేడాతో రెండు కళ్ళూ. వీటికి మేనరికంతో పని లేదు. పోస్టర్ చదివి వీళ్ళంతా తమకి వర్తించదనుకుంటారు.

ఆర్‌పీ దాచితే మహా అయితే ఏం పోతుంది, ఎలాగూ మందు లేదు కదా అనేవాళ్ళకి రెండు జబ్బుల పేర్లు చెబుతాను. ఒకటి పుట్టుకతో వచ్చే గ్లాకోమా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టే పిల్లల్లో 3,300 మందికి ఒకరికి ఇది ఉంటుందని హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ పరిశోధకులు లెక్కగట్టారు. పశ్చిమ దేశాల్లో ఇది 10,000కి ఒకరు, అంతకన్నా తక్కువ. సీవైపీ1బి1 అనే జీన్ మన దగ్గర ప్రధాన కారణాల్లో ఒకటి, అదీ రెండు కాపీలు చెడితే వచ్చేదే. కంట్లో ఒత్తిడి పెరిగి, పసిబిడ్డ కన్ను మెత్తగా ఉంటుంది కాబట్టి సాగి, నల్లగుడ్డు పెద్దదవుతుంది. చూసినవాళ్ళు ఏమంటారు? "అబ్బ, చారడేసి కళ్ళు, ఎవరి పోలికో!" అని మురిసిపోయి దిష్టి తీస్తారు. బిడ్డ వెలుతురు చూడలేక మొహం అమ్మ భుజంలో దాచుకుంటుంది, కళ్ళ నీళ్ళు కారుతుంటాయి, నల్లగుడ్డు మీద పొగ కమ్మినట్టు తెల్లబడుతుంది. వెంటనే ఆపరేషన్ చేస్తే చూపు నిలబెట్టే అవకాశం బాగా ఉన్న జబ్బు ఇది. దిష్టి తీస్తూ గడిపిన నెలల్లో కంటి నరం పోతుంది, పోయింది మళ్ళీ రాదు. ఆ ఇంట్లో అంతకుముందు ఒక బిడ్డకి ఇలాగే అయిందనే సంగతి కొత్తగా వచ్చిన కోడలికి ఎవరైనా చెప్పి ఉంటే, ఆ చారడేసి కళ్ళని చూసి మురిసేది కాదు, పురిటి మంచం మీంచి లేచి పరుగెత్తేది.

రెండోది రెటినోబ్లాస్టోమా, పసిపిల్లల కంటి క్యాన్సర్. ఫ్లాష్‌తో ఫోటో తీస్తే ఒక కంట్లో ఎర్రగా కాకుండా తెల్లగా మెరుస్తుంది. ఆర్‌బి1 అనే జీన్ కారణం, దాదాపు 40 శాతం కేసుల్లో ఆ దోషం ఒళ్ళంతా ఉంటుంది, అంటే తర్వాతి తరానికి 2లో 1 చొప్పున వెళ్ళేది. చిన్నప్పుడు ఈ జబ్బుకి ఒక కన్ను తీసేయించుకుని, గాజుకన్నుతో పెరిగి, "చిన్నప్పుడు దెబ్బ తగిలింది" అని చెప్పి పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఉంటారు. తర్వాత పుట్టిన బిడ్డని పుట్టిన వారంలోనే కంటి డాక్టరుకి చూపించాలని ఆ దంపతుల్లో రెండోవాళ్ళకి ఎలా తెలుస్తుంది? తొందరగా పట్టుకుంటే ప్రాణమూ, చాలాసార్లు కన్నూ దక్కుతాయి. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. ఈ ఒక్క జబ్బు విషయంలో దాచడాన్ని నేను పరువు సమస్య అని సరిపెట్టుకోలేను, ఎవరేమనుకున్నా సరే.

ఇంకా చిన్న చిన్నవి ఉన్నాయి. ఆరోవేలుతో పుట్టిన పిల్లాడు అదృష్టవంతుడు అంటాం. ఎక్కువసార్లు ఆరోవేలు ఆరోవేలే. కానీ దాంతోపాటు ఒళ్ళు బాగా పెరిగి, రేచీకటి కూడా మొదలైతే బార్డెట్ బీడల్ సిండ్రోమ్ కావచ్చు, అందులో మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి, ముందే కనిపెట్టి చూసుకోవాలి. పుట్టు చెవుడున్న పిల్లకి రాత్రిళ్ళు కనపడకపోతే వినికిడీ చూపూ రెండూ దెబ్బతినే అషర్ సిండ్రోమ్ కావచ్చు. రెఫ్సమ్ అనే అరుదైన రకంలో తిండి మార్చితేనే జబ్బు నెమ్మదిస్తుంది. ఇవన్నీ పైకి ఆర్‌పీలాగే కనిపిస్తాయి.

అందుకే జీన్ పరీక్ష అంటాను. "మందు లేనప్పుడు టెస్ట్ ఎందుకు, డబ్బు దండగ" అని నాకూ చెప్పారు, ఒక పెద్ద డాక్టరే చెప్పాడు, రెండు నిమిషాల్లో పంపించేస్తూ. ఇప్పుడు ఆ పరీక్ష ఒక మధ్యరకం ఫోన్ ఖరీదుకి వచ్చేసింది, కొంచెం రక్తం ఇస్తే చాలు. అందరికీ జవాబు వస్తుందని చెప్పను, సుమారు మూడో వంతు మందికి ఏమీ తేలకపోవచ్చు, వంశపారంపర్య రెటీనా జబ్బులకి కారణమయ్యే జీన్‌లు 280 పైగా ఉన్నాయి మరి. తేలితే మాత్రం, ఇంట్లో మిగతావాళ్ళకి ఆ ఒక్క అక్షరదోషం ఉందో లేదో చూడటం చాలా సులువు, చవక కూడా. నా మేనకోడలికి 3లో 1 అనే అంకె అక్కడ చచ్చిపోతుంది. ఉందో లేదో అంతే. లేదంటే ఆ పిల్ల ఎవర్ని చేసుకున్నా మా జబ్బు దాని గడప తొక్కదు. పరువు గురించి బెంగపడేవాళ్ళు అసలు ముందు పరుగెత్తాల్సింది ఈ పరీక్షకే.

మందు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆశ పెట్టుకున్నవాళ్ళ చుట్టూనే దొంగలు తిరుగుతారు. 2001లో అమెరికాలో పుట్టుగుడ్డి బ్రియార్డ్ జాతి కుక్కలకి, లాన్సెలాట్ అని వాటిలో ఒకదాని పేరు, ఆర్‌పీఈ65 జీన్ మంచి కాపీని వైరస్ ద్వారా కంట్లోకి పంపితే చూపు వచ్చింది. అదే దారిలో డాక్టర్లు జీన్ బెన్నెట్, ఆల్బర్ట్ మాగ్వైర్ దంపతుల బృందం మనుషుల మీద పనిచేసింది, 2017 డిసెంబరులో లక్స్‌టర్నా పేరుతో అమెరికా అనుమతి వచ్చింది. రెండు కళ్ళకీ 8,50,000 డాలర్లు, అప్పటి లెక్కలో దాదాపు అయిదున్నర కోట్ల రూపాయలు. ఆ ఒక్క జీన్‌కే పనికొస్తుంది, అదీ కణాలు కొన్నైనా బతికి ఉంటేనే. నాకు పనికిరాదు. అయినా ఈ కథ నాకు ఇష్టం, మిగతా జీన్‌ల మీద కూడా పని జరుగుతోంది కాబట్టి. ఏ జీనో తెలియనివాడు ఏ ట్రయల్‌లోనూ, అంటే కొత్త వైద్యాన్ని మనుషుల మీద పరీక్షించే ప్రయోగంలోనూ, పేరు రాయించుకోలేడు.

దీన్ని అడ్డం పెట్టుకుని "స్టెమ్ సెల్ ఇంజక్షన్‌తో ఆర్‌పీ నయం" అని వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలు మాత్రం నమ్మకండి. 2017లోనే ఒక ప్రసిద్ధ వైద్య పత్రిక రాసింది, ఫ్లోరిడాలో ఒక క్లినిక్ ముగ్గురు ఆడవాళ్ళకి, వాళ్ళది వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్యభాగం) జబ్బు, వాళ్ళ కొవ్వు నుంచే తీసిన కణాలు రెండు కళ్ళలోకీ ఎక్కించి, ఉన్న చూపు కూడా పోగొట్టింది. పైగా డబ్బు కట్టించుకుని. మన దగ్గర కంటి జబ్బులు దాచుకునేవాళ్ళు ఇలాంటి చోట్లకే వెళ్తారు, చాటుగా, రెండో మనిషి సలహా అడగకుండా. అడిగితే తెలిసిపోతుంది కదా.

దివ్యాంగుల సర్టిఫికెట్ దగ్గర కూడా ఇదే వరస. చెల్లి పెళ్ళయ్యేదాకా నన్ను దానికోసం ఎక్కడికీ వెళ్ళనివ్వలేదు, లైన్లో ఎవరైనా చూస్తారని. చివరికి ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి వెళ్తే, అక్కడ ఒక డాక్టరు అక్షరాల చార్టు చదవమన్నాడు, కింది వరసదాకా చదివాను. "కనిపిస్తోందిగా, ఇంకేంటి?" అని కాగితం పక్కన పడేశాడు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం కనిపించే మేర 10 డిగ్రీల లోపుంటే, చార్టు మొత్తం చదివినా సరే, అది అంధత్వమే. మామూలు మనిషికి రెండు కళ్ళతో అడ్డంగా దాదాపు 180 డిగ్రీలు కనిపిస్తుంది. ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎంత మేర ఉందో కొలిచే పరీక్ష) రిపోర్టు పట్టుకుని, చట్టంలో ఆ ముక్క ప్రింటు తీసుకుని మళ్ళీ వెళ్తే పని జరిగింది. ఆర్‌పీ ఉన్నవాళ్ళెవరైనా చదువుతుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఫీల్డ్ టెస్ట్ కాగితం లేకుండా క్యాంపుకి వెళ్ళకండి.

చెప్పడం అంటే మైకు పెట్టి చాటమని నా ఉద్దేశం కాదు. తోబుట్టువులకి చెప్పాలి, పెదనాన్న బాబాయి మేనత్తల పిల్లలకి చెప్పాలి, పెళ్ళాడబోయే మనిషికి చెప్పాలి, పిల్లల్ని చూసే డాక్టరుకి చెప్పాలి. పక్కింటావిడకి అక్కర్లేదు. నా పెళ్ళికి నేను మా ఆవిడకి నేరుగా చెప్పాను, ఇంట్లో ఎవరికీ తెలియకుండా, గుడికని పిలిచి. "రాత్రిళ్ళు బండి నేను నడుపుతాలెండి" అంది. అందరూ ఇలాగే అంటారని నేను చెప్పను. అంతకుముందు మా పెద్దవాళ్ళు జబ్బు దాచిపెట్టి నాకు చూసిన సంబంధాలు రెండు, సంగతి తెలిసి, నిశ్చితార్థం దాకా వచ్చి చెడ్డాయి. వాటికన్నా మొదటి రోజే వద్దనిపించుకోవడం ఎంతో నయం, కనీసం శుభలేఖల ఖర్చు మిగిలేది.

అమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు ఇవన్నీ రాస్తే పిల్లకి సంబంధాలు ఎవరు తెస్తారు" అని రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ అన్నదాంట్లో నిజం లేకపోలేదు, మొదట్లో కొన్ని పోతాయి. అందుకే ఊరి పేరు, ఇంటిపేరు రాయలేదు. మేనకోడల్ని మాత్రం ముందే అడిగాను. "రాయి మామయ్యా, నా టెస్ట్ రిజల్ట్ మాత్రం రాయకు, అది నేను ఎవరికి చెప్పాలనుకుంటే వాళ్ళకి చెబుతాను" అంది. న్యాయమే. బావని చేసుకోవడం గురించి అడిగితే ఇద్దరూ పడీపడీ నవ్వారు, చిన్నప్పటి నుంచీ రిమోట్ కోసం కొట్టుకున్నవాళ్ళు. కాబట్టి ఆ సంబంధం ఎలాగూ జరిగేది కాదు. అమ్మకి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా పనల్లా మా వంశవృక్షం చార్టు పూర్తి చేయడం. నాలుగు తరాలు, మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం, జబ్బున్నవాళ్ళకి నల్లరంగు, మేనరికాలకి రెండు గీతలు. మా అబ్బాయి కంప్యూటర్లో గీస్తున్నాడు, నేను పేర్లు చెబుతున్నాను. మా చార్టు నిండా రెండు గీతలే. పెదనాన్న చేసుకున్నది మా పెద్దమ్మనే, అన్నదమ్ములిద్దరూ అక్కచెల్లెళ్ళిద్దర్నీ చేసుకున్నారు, కాబట్టి వాళ్ళ పిల్లల్లో ఎవరికో ఒకరికి ఉండటానికి అవకాశం ఉంది. వాళ్ళ రెండో అబ్బాయి, నాకు అన్నయ్య అవుతాడు, చీకటి పడ్డాక స్కూటర్ తీయడని మేనత్త అంది. ఫోన్ చేశాను. "అదేం లేదురా, ఎదురు లైట్లు కొడతాయని తీయను" అన్నాడు. ఆయనకో కూతురుంది, డిగ్రీ ఆఖరి సంవత్సరం, సంబంధాలు చూస్తున్నారట, పెద్దమ్మ తమ్ముడి మనవడినే అనుకుంటున్నారట. వచ్చే ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను, ఫీల్డ్ టెస్ట్ ఎక్కడ చేస్తారో అడ్రసు రాసి పట్టుకుని.